పిలవని కాకి

బజ్జీల బండి వెనక వేపచెట్టు మీద సింగారి అనే కాకి ఉండేది. మెతుకు దొరికితే నలుగురినీ పిలిచి తినడం కాకుల ఆచారం. మొగుడు కరెంటు తీగ తగిలి పోయిన నాటి నుంచి సింగారి పిలవడం మానేసింది. తెల్లారింది మొదలు ఒక్కతే తింటూ ఉండేది. ఒళ్లు బరువెక్కి, కింది కొమ్మకు ఎగరాలన్నా ఆయాసమే. బండి చాటున పిల్లి ఒకటి ఆ సంగతి కనిపెట్టింది.

ఒకరోజు సింగారి పిన్ని, ముసలి కాకి, గోడ మీద వాలింది.

“ఏమిటే ఆ తిండి? రేపో మాపో ఆ పిల్లికి పండగే. అంత ఆకలా?”

“ఆకలి ఎప్పుడో చచ్చింది పిన్నీ. నోరు ఖాళీగా ఉంటే పిలవాలనిపిస్తుంది. పిలిస్తే ముందు వాలేది ఆయనే. ఇప్పుడు ఎవరొచ్చినా ఆయన కాదుగా.”

“కాదు,” అంది పిన్ని. “అయినా పిలువు.”

సింగారి కాలి కింది బజ్జీ ముక్క వంక చూసింది. దాన్ని ముట్టకుండా నోరు తెరిచింది. అలవాటు తప్పిన గొంతు బొంగురుగా పలికింది. ఆకాశంలో ఒక్క రెక్కా కదల్లేదు.

అప్పుడు పిన్ని, ఆ కేక విని ఎక్కణ్ణుంచో వచ్చినట్టు, గోడ మీంచి ఎగిరొచ్చి పక్కన వాలింది.

“పిలిచావుటే?” అని అడిగింది.