ఆండాళుకు దొరికిన బేరం

అరవై మూడులో సంగతి. కల్వకుర్తి బడికి కొత్తగా వచ్చిన రత్నాబాయి టీచర్ పదో తరగతి ఆడపిల్లల్లో కొందరిని ఏరి, తోటిపిల్లల కష్టం ఎలా వినాలో నేర్పింది. పెద్దవాళ్లకు చెప్పుకోలేనిది ఈ వయసు పిల్లలు తమ ఈడువాళ్లకు చెప్పుకుంటారని ఆమె నమ్మకం.

“ముందు వినుండ్రి. నవ్వొద్దు. తిట్టొద్దు. ఒకరి ముచ్చట ఇంకొకరికి మోయొద్దు.”

మిగతావాళ్ల దగ్గర మొటిమల బాధలు, పరీక్ష భయాలు, అలకలు వరస కట్టాయి. ఆండాళు దగ్గరికి మాత్రం ఒక్క బేరమూ రాలేదు. ఎలా వస్తుంది? ఆ పిల్ల నోటి గురించి ఊరందరికీ తెలుసు.

“నాకెవ్వరు చెప్తలేరు టీచర్!”

“మీ ఇంట్లనే చూడరాదు,” అంది టీచర్.

ఇంట్లో నర్సమ్మ ఉంది. ఆత్మకూరు పిల్ల. మాఘమాసం నుంచి వీళ్లింట్లోనే ఉంటోంది. ఆండాళు కంటే కాస్త చిన్నదే. వంట చేస్తుంది, మగ్గానికి కండెలు చుడుతుంది, ఆండాళు పెడసరంగా మాట్లాడితే తల వంచుకుంటుంది. ఆ పిల్ల గడపలో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆండాళుకు ఒళ్లు మంట.

అయినా టీచర్ మాట కదా. వెళ్లి రాట్నం పక్కన కూర్చుంది.

“కండ్లెందుకు ఉబ్బినయ్?”

“ఏం లే.”

మామూలుగా అయితే “లేకుంటే పాయె” అని లేచిపోయేదే. ఈసారి నోరు కట్టుకుని కూర్చుంది. ఆమెకది ఉపవాసం కంటే కష్టం. కాసేపటికి రాట్నం ఆగింది.

“అమ్మ యాదికొస్తాంది. బువ్వ పోతలేదు. రేపు చెప్పకుంట అంగడి బండెక్కి మా ఊరికి పోత.”

ఎవరన్నా విన్నారేమోనని ఆండాళు చుట్టూ చూసింది. అలా పారిపోయిన పిల్లను కన్నవాళ్లే గడప తొక్కనివ్వరు. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నేనెవ్వరికి చెప్ప. గని జర ఆగు. నాయినను నేనడుగుత, చెప్పే పోదువు.”

నర్సమ్మ వెక్కుతూనే తలూపింది. ఆ పిల్లను చూస్తే ఆండాళుకు మొదటిసారి జాలేసింది. మంట ఎటు పోయిందో ఏమో.

ఆండాళు నాయిన చంద్రయ్య మగ్గం గుంటలోంచి తలెత్తకుండానే, “అది పోతే కండెలెవరు చుడ్తరు?” అన్నాడు.

“నేను చుడ్త.”

“బువ్వ?”

“నేనే వండుత. మాడితే మాడిందే తిను.”

చంద్రయ్యకు నవ్వాగలేదు. “సరే తియ్. నేనే దించొస్త.”

మర్నాడు బస్సు దగ్గర ఆండాళు నర్సమ్మ చేతిలో సద్దిమూట పెట్టి, కొంగు సర్ది, జాగ్రత్తలన్నీ ఏకరువు పెడుతోంది. చంద్రయ్య కిటికీలోంచి విసుక్కుంటున్నాడు. ఆ ఆపేక్షను కండక్టర్ ముచ్చటగా చూశాడు.

“చెల్లె మీద గంత పావురమా పిల్లా?”

“చెల్లె కాదన్నా, నాయిన మొన్న లగ్గం చేసుకొని తెచ్చిన మా అమ్మ,” అంది ఆండాళు.