బరువైన లెన్స్

మాస్టారు మా కెమెరా షాపు మెట్లెక్కడం చూడగానే తల దించుకున్నాను.

చేతులు వణుకుతాయని ముందే చెప్పి, పిట్టల్ని ఫొటో తీయడానికి చిన్న కెమెరా అడిగిన మనిషి ఆయన. జేబులో పట్టే కాంపాక్ట్ చాలని నాకు తెలుసు. అయినా ఏడాదిగా ఎవరూ కొనని మిర్రర్‌లెస్ అనే పెద్ద కెమెరానీ, మూరెడు జూమ్ లెన్స్‌నీ అంటగట్టాను. "పిట్ట కంట్లో మీ బొమ్మ కనిపిస్తుందండీ!" అని కూడా అన్నాను.

ఇవాళ ఆయన నోరు విప్పకముందే కాంపాక్ట్ తీసి కౌంటర్ మీద పెట్టాను.

"తప్పు నాదే మాస్టారూ. మీరు మొయ్యలేరని తెలిసే అమ్మాను. ఇది తీసుకుని అది ఇచ్చెయ్యండి," అన్నాను తలెత్తకుండా.

"నిజమే, మొయ్యలేకపోయాను. డాబా మీద నా అవస్థ చూసి, పక్కింటి డాబా మీంచి మా తమ్ముడు గోడ దాటొచ్చి లెన్స్ కింద చెయ్యి పెట్టాడు. పదేళ్లుగా మాకు మాటల్లేవు బాబూ. ఇప్పుడు రోజూ పొద్దున్నే వస్తున్నాడు."

కాంపాక్ట్‌ని మెల్లిగా నా వైపు జరిపారు.

"నా చేతులకేమో ఆ బరువు అలవాటైపోతోంది. ఇంతకంటే బరువైంది ఉందా?"