పదికి ఎంత?

నొప్పిని ముందే పసిగట్టి, దేహానికి తెలియనీయకుండానే మందు వదిలే చేతిపట్టీలు ఇంటింటికీ వచ్చాక, "పదికి ఎంత నొప్పి?" అని ఒకరినొకరు అడగడం జనం మానేశారు. ముప్పై ఏళ్లు కాకినాడ వీధుల్లో స్కూటరు మీద తిరిగి, నయంకాని జబ్బులవారిని వాళ్ల ఇళ్లలోనే చూసుకున్న నర్సు సీతారత్నానికి మాత్రం ఆ ప్రశ్న మీద ఇప్పటికీ బెంగే. ఇప్పుడు అలాంటి జబ్బే ఆమె ఎముకల్లో చేరింది.

అష్టాచెమ్మా ఆట మధ్యలో ఆమె రెప్పలు మళ్లీ వాలాయి.

"ఓడిపోతారని నిద్ర నటిస్తున్నారు కదూ అత్తయ్యా!" అంది కోడలు ఝాన్సీ.

"నీ మొహం! ఈ పట్టీ నొప్పిని సున్నా దాటనివ్వదు, నన్ను మెలకువగా ఉండనివ్వదు. ఈ ఒక్క ఆటకీ దాన్ని కాస్త తగ్గించవే."

"నొప్పెడితేనో?"

"పెట్టనీ. మేము మందిచ్చి ఊరుకునేవాళ్లం కాదు, ఇవాళ ఏం చేయాలనుందని కూడా అడిగేవాళ్లం. ఒకాయన తన గడ్డం తానే గీసుకుంటానన్నాడు. గంటసేపు అద్దం పట్టుకుని నిలబడ్డాను. నన్నెవరూ ఆ మాట అడగలేదే."

ఝాన్సీ గవ్వలు కింద పెట్టి, డాక్టరు అనుమతించిన మేరకు పట్టీని రెండు మెట్లు తగ్గించింది. అరగంటకు అత్తగారి కళ్లు తేటపడ్డాయి, పెదవి కొద్దిగా బిగిసింది.

"పదికి ఎంత అత్తయ్యా?"

ఎన్నేళ్లకో వినబడిన ఆ మాటకు సీతారత్నం ముఖం విప్పారింది.

"మూడు. ఐదైతే నేనే చెబుతాను. ముందు ఆ గవ్వలిలా ఇవ్వు, నీ కాయను చంపాలి."