సొంత కాళ్ల కొండ

మోటారు తొడుగులు కాళ్లకు తగిలించుకుని ఊరంతా ఎవరెస్టు ఎక్కి దిగుతున్న రోజులవి. తొడుగే నడుస్తుంది, లోపలి మనిషి కునుకు తీయవచ్చు. విశాఖలో పర్వతయాత్రలు కుదిర్చే సుక్రికి ఆ వీరులంటే ఒళ్లుమంట. ఆమె సొంత కాళ్లతో కొండలెక్కిన మనిషి.

ఒకనాడు ఒక మేడ కింద ఉన్న ఆమె కొట్టుకు నరసరాజు భార్యతో వచ్చాడు.

"మాకిదే మొదటిసారండి. కాస్త పేరొచ్చే శిఖరం చూడండి. ఎవరెస్టు మా డ్రైవరు కూడా ఎక్కేశాడు."

"డ్రైవరు ఎక్కాడా, తొడుగు ఎక్కిందా?" సుక్రి వెటకారంగా నవ్వింది. "మీకు తగిన శిఖరం ఈ మేడే. ఆరంతస్తులు. తొడుగులు విప్పి ఎక్కి రండి, తర్వాత మాట్లాడదాం."

మొదటి అంతస్తులోనే నరసరాజు కూలబడ్డాడు. "ఇంత అవమానమా!" అని అరిచి, తొడుగు తగిలించుకుని, ఆ ఎవరెస్టే నయమని యాత్ర కోసం ఎదురు కొట్టుకు వెళ్లిపోయాడు.

భార్య శేషుకుమారి కూడా వెళ్లిపోయిందనే సుక్రి అనుకుంది. అరగంట తర్వాత ఆవిడ గోడ పట్టుకుని పైనుంచి దిగి వచ్చింది.

"సముద్రం కనిపించిందమ్మా! నా గుండె చప్పుడు నాకే వినిపించింది."

సుక్రి గబగబా కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. "రేపు పొద్దున్నే రండి. చిన్న కొండతో మొదలుపెడదాం."

"మావారిని కూడా రమ్మననా?"

"ఆయన ఎవరెస్టు మీద నిద్రపోతుంటారు. లేపకండి."