ఆమె ఒంట్లో లేనిది

"జ్వరం ఒంటితో నువ్వెందుకొచ్చావే? పరీక్షలో ఏం తేలిందో నేను విని చెప్పేదాన్నిగా" అంది తల్లి, ఆసుపత్రి బల్ల మీద జరిగి కూతురికి చోటిస్తూ.

"నా రోగం సంగతి నేను వినొద్దా?" అని దూరంగానే కూర్చుంది కూతురు.

పెళ్లీడు దాటుతున్న పిల్ల. వీధిలో ఎవరికి జలుబు చేసినా మంచం ఎక్కేది మాత్రం తనే. చిన్నప్పుడు వేయించిన టీకాల జాడ కూడా ఒంట్లో మిగల్లేదని, రోగాలతో పోరాడే శక్తి పసితనంలోనే దెబ్బతిందని పోయిన నెలలో డాక్టరమ్మ తేల్చింది. రక్తంలో ఏదో మందు కూడా కనిపించింది. "ఈ అమ్మాయి పుట్టకముందు మీరేం పని చేసేవారు?" అని అడిగేసరికి తల్లి గుండెలో రాయి పడింది.

రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో పని. నీళ్లు ఇంకకుండా గుడ్డకు మందు పూసి ఆరబెట్టేవారు. అంటుకుపోయిన పొరల్ని విడదీయడానికి ఆడవాళ్లంతా వేలు నాలుకకు అద్దుకునేవారు. ఆమె కూడా అంతే. ఆ మందు ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉంటుందని, తల్లి నుంచి బిడ్డకు చేరవచ్చని విన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ముద్ద నోట పెట్టుకుంటే ఆ చేదే తగిలేది. పక్కగదిలో పిల్ల దగ్గితే, తానే గొంతు నులుముతున్నట్టు వణికిపోయేది. ఆ పిల్లేమో నెల రోజులుగా ఆమెతో ముక్తసరిగా మాట్లాడుతోంది.

"ఎందుకు వదినా అంత దిగులు? పక్కపక్కనే కూర్చుని చేశాం. ఏదైనా ఇద్దరికీ ఒకటే" అంది బల్ల చివరనున్న బొద్దమ్మ. ఫ్యాక్టరీ షెడ్డులో నేస్తం, ఆమెతో పాటు తనూ పరీక్షకు రక్తమిచ్చింది.

"నీకేమే, పాలు పడక డబ్బాపాలతో పెంచినా నీ కొడుకు గుండ్రాయిలా ఉన్నాడు. నేను మూడేళ్లు చంక దించకుండా పాలిచ్చి పెంచాను. నా పిల్లకే ఎందుకీ ఖర్మ?"

లోపలికి పిలిచారు.

"మీలో ఆ మందు ఇంకా చాలా ఉంది. మళ్లీ చూడాలి" అంది డాక్టరమ్మ బొద్దమ్మతో. తర్వాత తల్లి వైపు తిరిగింది. "మీలో దాదాపు లేదు."

ఆమె కుర్చీలో కూలబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది.

"విన్నావా తల్లీ, నా ఒంట్లో లేదంట. నావల్ల వచ్చింది కాదే. మన వీధి కుళాయి నీళ్లదే అయ్యుంటుంది పాపమంతా."

కూతురు వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. "నిన్ను చాలా బాధపెట్టానమ్మా" అంది. నెల తర్వాత మొదటిసారి ఆ ఒళ్లు తగిలేసరికి తల్లి ప్రాణం లేచి వచ్చింది.

"నీది అదృష్ట జాతకం వదినా" అంది బొద్దమ్మ, కొంచెం కినుకగా.

కూతురికి అప్పుడే అనుమానం వచ్చింది.

"ఇద్దరిదీ ఒకే పని కదా డాక్టరుగారూ. ఈవిడలో ఉన్నది అమ్మలో ఎందుకు లేదు? ఎటు పోయింది?"

డాక్టరమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. తల్లి ఇంకా కూతురి వీపు నిమురుతూనే ఉంది.

"పాలతో పాటు మీలోకి వచ్చేసిందమ్మా."