రెండు సముద్రాల ఇల్లు

“నా వానని నువ్వు దొంగిలించావు వెందెలిన్. దిగు కిందికి. దిగి, మేయరుగారి ముందు ఒప్పుకో.”

యార్మిలా నిచ్చెన పట్టుకుని ఊపుతోంది. పైమెట్టు మీద వెందెలిన్ కొత్త పెంకొకటి చంకలో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఇద్దరూ జోడు పోయి ఒంటరైనవాళ్ళే. ఒకే కప్పు కింద, మధ్యగోడకి చెరోవైపూ ఉంటారు.

“వాన దేవుడిది. దాన్ని నేనెక్కడ దొంగిలిస్తాను?”

“ఇంటి కొప్పు జానెడు నావైపుకి జరిపావా, లేదా?”

“పాత దూలం వంకరపోతే సరిచేశాను. అంతే.”

“అదేం చిత్రమో, నువ్వు ఏది సరిచేసినా అది నావైపుకే జరుగుతుంది. కిందటేడు కంచె, ఇప్పుడు కొప్పు.”

మేయరు కుబెల్కా టోపీ తీసి బట్టతల తుడుచుకున్నాడు. స్త్రాంకొవ్ ఊళ్ళో చూడ్డానికి ఉన్నదల్లా ఆ కప్పొక్కటే. పాతకాలం యుద్ధంలో స్వీడన్ సైనికులు ఆ ఊరిని దోచుకుందామని వచ్చి, చుట్టూ తిరిగి చూసి, ఉసూరుమంటూ పక్క ఊరికి పోయారని చెప్పుకుంటారు. అయితే ఆ కొప్పు మీద పడ్డ వాన రెండుగా చీలుతుంది. యార్మిలా వైపు జారిన చినుకు వాగులూ నదులూ పట్టుకుని జర్మనీ మీదుగా ఉత్తర సముద్రానికి పోతుంది. వెందెలిన్ వైపు జారింది డాన్యూబ్ నదిలో కలిసి నల్ల సముద్రం చేరుతుంది. అది చూడ్డానికి జనం బస్సుల్లో వస్తారు. వాన లేని రోజున మేయరే నిచ్చెనెక్కి చెంబుతో నీళ్ళు పోసి చూపిస్తాడు.

“ఆదివారం ఇక్కడ ‘రెండు సముద్రాల ఇల్లు’ అని ఇత్తడి పలక బిగిస్తున్నాం,” అన్నాడు కుబెల్కా బతిమాలుతూ. “జిల్లా నుంచి పెద్దవాళ్ళొస్తున్నారు. అంతవరకైనా మీరిద్దరూ…”

“పలక ఎక్కడైనా తగిలించుకోండి. నా చూరు నీళ్ళు ఉత్తరానికే పోవాలి. ఒక్క చుక్క కూడా వీడివైపుకి పోకూడదు.”

“నల్ల సముద్రం నిన్నేం చేసింది యార్మిలా?” పైనుంచి అడిగాడు వెందెలిన్.

“నువ్వు దిగు ముందు.”

మర్నాడు కుబెల్కా ఒక సర్వే ఇంజనీరుని పిలిపించాడు. రాద్కా అనే ఆ అమ్మాయి మూడుకాళ్ళ పరికరాన్ని వాకిట్లో నిలబెట్టగానే, యార్మిలా గసగసాలు పెట్టిన బన్నుల పళ్ళెంతో వచ్చింది.

“తిను తల్లీ. ఖాళీ కడుపుతో కొలిస్తే చెయ్యి వణుకుతుంది.”

వెందెలిన్ బీరు గ్లాసు పట్టుకొచ్చాడు. “అవి తినకమ్మా, గసగసాలకి కళ్ళు మూతలు పడతాయి. ఇది తాగు.”

“బీరు తాగితే ఒక కొప్పు రెండు కొప్పులుగా కనిపిస్తుంది. అప్పుడు వీడికి ఇంకా సుఖం,” అంది యార్మిలా.

రాద్కా బన్నూ తింది, బీరూ తాగింది. కొప్పుని కొలిచి, చెరో చూరు నుంచీ దిగే రెండు గొట్టాల నీళ్ళు పోయే కాలవల వెంట నడిచింది. చేల మీదుగా శ్మశానం దాటి పోయి, బూట్లనిండా బురదతో తిరిగొచ్చింది.

“కొప్పు జరిగిన మాట నిజమే,” అంది.

“విన్నావా?” అంది యార్మిలా.

“కాని జరిగినా ఒకటే, జరక్కపోయినా ఒకటే. నీళ్ళు చీలే చోటు ఇది కాదు. అది శ్మశానం అవతల బంగాళాదుంపల చేలో ఉంది. ఇక్కడి రెండు కాలవలూ మిల్లు వెనక కలిసిపోతున్నాయి. రెండు వైపుల నీళ్ళూ నల్ల సముద్రానికే పోతాయి.”

కుబెల్కా రాద్కా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు.

“ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?”

“ఇంకా లేదు.”

“అనకండి. స్వీడన్ వాళ్ళు వట్టి చేతుల్తో పోయిన ఊరమ్మా ఇది. ఉన్న ఒక్కటీ మీరు పట్టుకుపోకండి.”

ఆమెని బస్సెక్కించేదాకా నచ్చచెబుతూనే ఉన్నాడు.

వెందెలిన్‌కి మాత్రం నవ్వాగలేదు. “ఇన్నేళ్ళూ లేని సముద్రం కోసం కొట్టుకు చచ్చాం,” అంటూ వెనక్కి తిరిగాడు. యార్మిలా గడప మీద కూలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అతను గబగబా లోపలికి పోయి ప్లమ్ పళ్ళ సారా ఒక చిన్న గ్లాసులో పోసుకొచ్చి ఆమె చేతికిచ్చాడు.

“పలక ఎలాగూ పెడతారు. కుబెల్కా ఊరుకుంటాడా? దీనికింత బెంగ దేనికి?”

“పలక ఎవరిక్కావాలి?” ఆమె సారా ఒక్క గుక్కలో తాగేసింది. “మా ఆయన ఓత్మార్ బూడిద శ్మశానంలో లేదు. అక్కడ ఉత్త డబ్బా పెట్టించాను. జోరుగా వాన పడుతున్న రోజు చూసి మా గొట్టం కింద పోశాను. ఉత్తర సముద్రానికి పోతాడని.”

వెందెలిన్ టోపీ తీశాడు. ఆమె పక్కనే గడప మీద కూర్చున్నాడు.

“పోనీలే యార్మిలా. సముద్రం సముద్రమే. నల్లదైతేనేం? అక్కడ నీళ్ళు వెచ్చగా ఉంటాయి కూడా.”

“నీకు అర్థం కాలేదు. అంతకు ముందు నువ్వు మీ ఆవిడ బ్లాజెనా బూడిద మీ గొట్టం కింద పోశావు కదా. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. అందుకే ఆయన్ని ఇటునుంచి పంపాను.”

వెందెలిన్ చాలాసేపు ఆ గొట్టం వంకా ఈ గొట్టం వంకా చూశాడు. ఆమె చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని నెమ్మదిగా అన్నాడు:

“బతికినన్నాళ్ళూ నువ్వు అతన్నీ నేను దాన్నీ కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాశాం… చివరికి మన చేతుల్తోనే ఇద్దర్నీ కలిపి పంపించామన్నమాట.”