మూడు వేల తిట్లు మోసిన సైటు

“ఇంకో రెండొందల తిట్లు పడ్డాయి,” అన్నాడు తమ్ముడు ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

తను కనిపెట్టిన కొత్త ప్రోగ్రామింగ్ భాష పాతవాటికంటే వంద రెట్లు వేగమనీ, ఎంత బరువైనా మోస్తుందనీ పొద్దున తన వెబ్‌సైటులో డప్పు కొట్టుకున్నాడు. దాన్ని వాడి చూసిన ప్రోగ్రామర్లు సాయంత్రానికల్లా ఆ డప్పు చించి, కింద కామెంట్లలో ఆరేశారు.

“వట్టి కుళ్లు అక్కా. గట్టిగా జవాబు రాస్తున్నా.”

అక్కదీ ప్రోగ్రాములు రాసే ఉద్యోగమే. కుర్చీ లాక్కుని తెర వంక చూసింది. “మూడు వేలమంది ఒక్కసారే తిడుతున్నా సైటు చెక్కుచెదర్లేదంటే నీ భాష గట్టిదేరా. ఆ ముక్కే రాయి.”

భాష కనిపెట్టినవాడు తెరను కాస్త అటు తిప్పుకున్నాడు.

“ఏంట్రా?”

“సైటు పాత భాషలో రాశానక్కా.”

“అదేం?”

“జనం ఎగబడితే కూలిపోతుందేమోనని.”

అక్క నవ్వును బలవంతాన మింగింది. “వాళ్లూ అదే కదరా అంటున్నది?”

తమ్ముడు రాసిన నాలుగు పేరాలూ చెరిపేశాడు. “మీరన్నది నిజమే. నాకే ఇంకా నమ్మకం కుదరలేదు” అని కొట్టి, బటన్ మీద వేలుంచి ఆగిపోయాడు.

“నొక్కరా,” అంది అక్క. “ఎంతమంది ఎగబడినా కూలదులే. పాత భాషే కదా.”